పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చే ఆపరేషను



“ఎంతసేపమ్మా, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యడమేగా!” ఈ మాట ఇప్పుడు మన ఇళ్లలో తరచు వినబడుతోంది. అత్తగారి కంటి శుక్లానికో, మామగారి హెర్నియాకో, పిల్లవాడి చెవికో, మనలో ఎవరికైనా గర్భసంచి లోపలి పొర తీసి పరీక్షించడానికో ఆపరేషను చెబుతారు. ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదంటారు. డే కేర్ ఆపరేషను అని దానికి పేరు. ఆ మాట వినగానే కొండంత భారం దిగినట్టుంటుంది. కారియర్లు మొయ్యనక్కర్లేదు, రాత్రిళ్లు వార్డు వరండాలో చాప పరుచుకోనక్కర్లేదు. సంతోషించవలసిందే. కానీ ఆ సంతోషంలో ఒక సంగతి మరిచిపోతూంటాం. ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గాయి గానీ, రోగికి చెయ్యవలసిన సేవ తగ్గలేదండీ. అది ఆస్పత్రి గడప దాటి మన గడపలోకి వచ్చింది. అంచేత, ఈ ఆపరేషనుకి ఇల్లు ఎలా సిద్ధం కావాలో ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం. మన గోదావరి జిల్లాల్లో ఇంటింటా వినబడేది కంటి శుక్లం ఆపరేషనే కనుక దాన్నే ముఖ్యంగా తీసుకుంటాను. పూర్తి మత్తు ఇచ్చి చేసే తక్కిన ఆపరేషన్ల సంగతి ఎక్కడికక్కడ చెబుతాను.

మన అమ్మమ్మల కాలంలో శుక్లం తీయించుకోవడమంటే చిన్న సంగతి కాదు. తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, కళ్లకు కట్టు కట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గు వచ్చినా భయమే. ఇంతా చేసి ఇంటికొచ్చాక సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ మనిషి ఆనేది కాదు. ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరుగారు 1949లో మొదటిసారి మనిషి కంట్లో ప్లాస్టిక్ లెన్సు అమర్చారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే ఆయన, చెవికి వినబడని శబ్ద తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి సన్నని కోతలోంచి పీల్చివేసే పద్ధతి తెచ్చారు. 1992 నుంచి ఆ లెన్సుల్ని మన దేశంలోనే, మదురైలో, చవగ్గా తయారుచెయ్యడం మొదలయ్యాక సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చాయి. మన ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినిమా దర్శకులు ఎల్.వి.ప్రసాద్‌గారి విరాళంతో, ఆయన పేరిట, హైదరాబాదులో పెద్ద కంటి ఆస్పత్రి 1987లోనే వెలిసింది. ఇప్పుడు అంత దూరం కూడా వెళ్లనక్కర్లేకుండా రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరుల్లోనే ఈ ఆపరేషన్లు జరిగిపోతున్నాయి. బల్లమీద పడుకునేది పావుగంటో, ఇరవై నిమిషాలో.

అదే రోజు ఇంటికి పంపించెయ్యాలన్న ఆలోచన నిన్నా మొన్నా పుట్టింది కాదు. స్కాట్లండులో, గ్లాస్గో నగరంలో, జేమ్స్ నికోల్ అనే సర్జనుగారు పసిపిల్లలకు ఆపరేషన్లు చేసి, తల్లుల చేతికిచ్చి ఇళ్లకు పంపించేవారు. అలా సుమారు పదేళ్లలో జరిగిన 8,988 ఆపరేషన్ల వివరాలను 1909లో ప్రకటించారు. బిడ్డని తల్లి నుంచి విడదీసి వార్డులో ఉంచినందువల్ల ఒరిగేదేమీ లేదని ఆయన వాదన. అయితే ఊరికే పంపి చేతులు దులుపుకోలేదు. నర్సులు ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూసి వచ్చే ఏర్పాటు చేశారు. ఇక్కడే మనం గమనించవలసింది ఉంది. మన ఇళ్లకు ఆ నర్సు రాదు. ఆవిడ చెయ్యవలసిన పని మన నెత్తిమీదే ఉంది. అందుకు తగ్గట్టు మనం తయారు కావాలి కదా!

మొట్టమొదట చెయ్యవలసింది, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుగారి ముందు గుమ్మరించడం. “బి.పి.కి ఏదో తెల్లమాత్రండీ” అంటే వారికేం తెలుస్తుంది? అట్టలతో సహా పట్టికెళ్లండి. గుండెకోసం, పక్షవాతం రాకుండా, రక్తం పలచబడడానికి వేసుకునే మాత్రలుంటాయి. వాటిని ఆపాలా, అక్కర్లేదా, ఆపితే ఎన్నాళ్ల ముందు అనేది డాక్టరుగారే చెప్పాలి. ఎదురింటావిడ మానేసింది కదా అని మనం మానేస్తే అసలుకే మోసం రావచ్చు. బి.పి. మాత్ర సాధారణంగా ఆవేళ పొద్దున్న కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. పరగడుపున ఉండమన్నప్పుడు మధుమేహం మాత్రలు, ఇన్సులిను వేసుకుంటే మాత్రం సుగరు బొత్తిగా పడిపోయి కళ్లు తిరిగిపోతాయి. కనుక వాటి సంగతి విడిగా అడిగి రాసుకోండి. మగవారు ప్రొస్టేటు వాపుకి వాడే టామ్సులోసిన్ అనే మందు, శుక్లం ఆపరేషను సమయంలో కంటిపాప సరిగ్గా విచ్చుకోకుండా చేస్తుంది. మామగారు సిగ్గుపడి అది చెప్పకపోవచ్చు. మీరు చెప్పండి. ముందే తెలిస్తే డాక్టరుగారు తగిన జాగ్రత్త పడతారు. ఆయుర్వేదం, హోమియోపతి, నాటుమందు, ఏదైనా సరే దాచకండి. ఏ మందు పడదో, వెనక ఏ ఆపరేషనులోనైనా మత్తు పడక ఇబ్బంది వచ్చిందో, అదీ చెప్పాలి. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్న అమ్మాయిలు అది తప్పకుండా చెప్పాలి. నెలసరి వస్తే ఏం చెయ్యాలన్నదీ మొహమాటపడకుండా సిస్టరునే అడగండి. ఇంట్లో వాళ్లు కూర్చుని వాయిదా వేసుకోనక్కర్లేదు.

ఇక పరగడుపు సంగతి. ఇది మన గోదావరి జిల్లాల వాళ్లకి పెద్ద పరీక్షేనండీ. ఇంట్లో మనిషి ఏమీ తినకుండా గడప దాటుతుంటే మన ప్రాణం ఒప్పుకోదు. “ఒక్క గుక్క కాఫీ, ఏమవుతుంది?” అంటాం. ఏమవుతుందో తెలుసుకుంటే మళ్లీ ఆ మాట అనం. మనం మేలుకుని ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొస్తే దగ్గి, ఉమ్మి, మనల్ని మనం కాపాడుకుంటాం. పూర్తి మత్తులో ఉన్న మనిషికి ఆ రక్షణ ఉండదు. కడుపులోని కాఫీ, పులుపుతో సహా, గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అంచేత సామాన్యంగా పాటించే లెక్క ఇది: వేపుళ్లు, నెయ్యి, మాంసం ఉన్న భోజనమైతే 8 గంటల ముందు ఆపెయ్యాలి. ఇడ్లీలాంటి తేలిక పలహారానికి, పాలకి, పాలు కలిపిన కాఫీ టీలకి 6 గంటలు. చంటిబిడ్డకి తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి. వట్టి మంచినీళ్లకి 2 గంటలు. పాలకాఫీ నీళ్లలో జమ కాదు, పలహారంలో జమ. మజ్జిగా అంతే. కొబ్బరినీళ్లు తాగొచ్చా అన్నది మీ మత్తు డాక్టరుగారినే అడగండి. అలాగని ఏకాదశి ఉపవాసంలా ముందురోజు పొద్దుటినుంచీ కడుపు మాడ్చుకుని, నీళ్లు కూడా ముట్టకుండా వెళ్లడం మంచిది కాదు, నీరసం వస్తుంది. ఆస్పత్రివారు చెప్పిన గంట ఏదో అదే మనకి శాసనం.

కంటికి చుక్కలు వేసో, కంటి దగ్గర సూదిమందు ఇచ్చో చేసే శుక్లం ఆపరేషనుకి చాలా చోట్ల పరగడుపు అక్కర్లేదు, తేలిగ్గా తినే రమ్మంటారు. ఎవరి పద్ధతి వారిది, అడిగి తెలుసుకోవాలి. అడిగితే గానీ అమ్మయినా పెట్టదని సామెత ఉండనే ఉంది.

మా వీధిలో ఒక పెద్దావిడకి హెర్నియా ఆపరేషను రోజున ఆరుంబావుకి అలవాటు ప్రకారం కాఫీ కడుపులో పడిపోయింది. కోడలు చూసింది. ఆటోలో కొడుకు “చెప్పకు, మళ్లీ వాయిదా వేస్తారు, సెలవు దండగ” అన్నాడు. కోడలు వినలేదు. సిస్టరుతో ఉన్నమాట చెప్పేసింది. ఆపరేషను మధ్యాహ్నానికి జరిపారు, అంతే. ఆ అమ్మాయి చేసిన పనికన్నా పెద్ద సేవ మరొకటి లేదంటాను. వాయిదా పడితే పోయేది ఒక పూట. దాస్తే పోయేది మనిషి.

ముందురోజు చెయ్యవలసిన పనులు కొన్ని ఉన్నాయి. తలంటు పోసుకోవాలి. కంటి ఆపరేషను అయ్యాక డాక్టరుగారు చెప్పినన్నాళ్లు, సాధారణంగా ఒకటి రెండు వారాలు, కంట్లో నీళ్లు పడకూడదు కనుక తలస్నానం ఉండదు. ఆ రోజున కాటుక, పౌడరు, తలలో పువ్వులు వద్దు. కుంకుమ పొడి కంట్లో రాలవచ్చు, అంచేత అదీ వద్దు. గోళ్ల రంగు తీసెయ్యాలి. వేలికి ఒక చిన్న క్లిప్పు తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూస్తూంటారు. ఆ క్లిప్పులోని వెలుతురు గోటి రంగులోంచి సరిగ్గా పోదు. ఆషాఢమాసంలో గోరింటాకు ముదురుగా పండి ఉంటే అది కూడా సిస్టరుకి ముందే చెప్పండి, క్లిప్పు ఇంకోచోట పెట్టుకుంటారు. ఊగే పన్ను, కట్టుడుపళ్లు, చెవి మిషను ఉంటే చెప్పాలి.

నగల విషయం మనకి సున్నితమైనది. రక్తం ఆపడానికి ఆపరేషనులో కరెంటు పరికరం వాడినప్పుడు ఒంటిమీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. చెయ్యి వాస్తే ఉంగరం, గాజులు బిగుసుకుపోతాయి. ముక్కుపుడక, మెట్టెలు ఏళ్ల తరబడి తియ్యనివి కనుక ఆస్పత్రిలో హడావిడిగా రావు. ముందురోజు రాత్రే కాస్త నూనె రాసి తీసుకోండి. మంగళసూత్రం దగ్గర చాలామందికి మనసు ఒప్పదు. పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో మార్గం చెప్పారు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని, సూత్రాలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకుని వెళ్లవచ్చు. బంగారం ఆస్పత్రికి తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టాలా అని చూసుకోవడం కన్నా అది మేలు.

తోడు ఎవరు? మత్తు ఇచ్చిన ఆపరేషను అయితే పెద్దవాళ్లొకరు వెంట వెళ్లాలి, ఆ రాత్రి పక్కనే పడుకోవాలి. పిల్లవాణ్ణి స్కూటరుమీద పంపి తీసుకురమ్మంటే కుదరదు, కారో, ఆటోయో ముందే మాట్లాడుకోవాలి. మన ప్రాంతంలో మరొక సంగతి కూడా ఆలోచించాలి. ఎదుర్లంక, యానాం మధ్య వంతెన 2002లో పూర్తయ్యాక కోనసీమ వాళ్లకి కాకినాడ దగ్గరైంది. పూర్వంలా పంటుకోసం గట్టుమీద కాచుకోనక్కర్లేదు. అయినా వరద వస్తే పడవ ఆగిపోయే లంక ఊళ్లు ఇంకా ఉన్నాయి. రాత్రి పదకొండింటికి నొప్పి మొదలైతే అక్కణ్ణించి ఆస్పత్రికి వచ్చేదెలాగ? అటువంటి ఊళ్ల నుంచి వచ్చేవారు ఆ ఒకటి రెండు రాత్రులు పట్నంలో చుట్టాల ఇంట్లో ఆగిపోవాలి. పట్నంలో ఉన్న మనం ఆ మాట మనమే ముందు అనాలి. “పిన్నీ, రెండ్రోజులు మా ఇంట్లో ఉండి వెళ్లు” అంటే వాళ్లకి ఎంత ధైర్యం! అయితే ఒక్క మనవి. మన మర్యాదలు ఆపరేషను అయ్యాక చూపిద్దాం గానీ, ముందు వద్దు. పరగడుపున ఉన్న మనిషి ముందు పెసరట్టు, ఉప్మా పళ్లెం పెట్టి తిను తిను అని బలవంతం చెయ్యకండి.

ఆస్పత్రిలో కాగితాలు సంతకం పెట్టేముందు చదివించుకోండి. ఏ కన్నుకి, ఏ వైపుకి ఆపరేషనో మీరు నోటితో చెప్పండి. సిస్టరు నుదుటిమీద గుర్తు పెడితే అది ఆ వైపే ఉందో లేదో చూడండి. అది వాళ్లని తప్పు పట్టడం కాదు, పదిసార్లు అడగడం మంచి ఆస్పత్రుల పద్ధతే. డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తరవాత పేర్లు మారుతూ వచ్చిన ప్రభుత్వ పథకం కింద మీ ఆపరేషను వస్తుందో రాదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడగండి. భీమా ఉన్నవారు, 24 గంటలు పడుకోకపోయినా డబ్బు వచ్చే డే కేర్ జాబితాలో ఈ ఆపరేషను ఉందో లేదో, పాలసీ తీసుకుని ఎన్నాళ్లయ్యాక వర్తిస్తుందో చూసుకోవాలి. ఆపరేషనుకి ముందు జలుబు, దగ్గు, జ్వరం, కంట్లో పుసి, కురుపు, ఏది వచ్చినా ఫోను చేసి చెప్పండి.

ఇంటికి వచ్చాక మొదటి 24 గంటలు ముఖ్యం. మత్తు తీసుకున్నవారు లేచి తిరుగుతున్నా మెదడు ఇంకా పూర్తిగా తేరుకోదు. బండి నడపకూడదు, ఒంటరిగా పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, దస్తావేజుల మీద సంతకాలు పెట్టకూడదు. ముందు నీళ్లు, తరవాత జావ, అది నిలిస్తే మెత్తని అన్నం. కంటి ఆపరేషను అయినవారు ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. రాత్రిపూట కంటికి మూత పెట్టుకోవాలి. నిద్దట్లో చెయ్యి ఎక్కడికి పోతుందో తెలియదు కదా! వంగి బరువులెత్తకూడదు, కన్ను నలపకూడదు. చుక్కల మందు వెయ్యబోయేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కింది రెప్ప కొంచెం లాగి ఒక్క చుక్క వెయ్యండి. సీసా మూతి రెప్పకి తగలకూడదు. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. నెల పైచిలుకు వెయ్యవలసి వస్తుంది కనుక ఒక కాగితంమీద తేదీలు, వేళలు రాసి గోడకి అంటించి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి. మర్నాడు చూపించుకోమంటారు. “బాగానే కనిపిస్తోంది, ఎందుకులే” అని మానకండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి గుర్తుంచుకోండి. కంట్లో కాస్త గరగర, నీరు కారడం మామూలే. కానీ నొప్పి తగ్గకుండా పెరుగుతూ ఉన్నా, కన్ను బాగా ఎర్రబడినా, నిన్న కనిపించింది ఇవాళ మసకబారినా, చీము వచ్చినా, కన్ను నొప్పితోపాటు వాంతి అయినా, తెల్లవారేదాకా ఆగకండి. కంటి లోపల చీము పడితే గంటలమీద చూపు పోవచ్చు. తక్కిన ఆపరేషన్లకైతే ఆగని రక్తం, జ్వరం, ఊపిరాడకపోవడం, మూత్రం రాకపోవడం, ఆగని వాంతులు, ఇవి ప్రమాద సూచనలు. ఆస్పత్రి నుంచి బయలుదేరేముందే “రాత్రిపూట ఏ నంబరుకి చెయ్యాలి, ఎవరు పలుకుతారు?” అని అడిగి రాసుకోండి. ఆ నంబరు లేకుండా మెట్లు దిగకండి. పరామర్శకి వచ్చేవాళ్లని నాలుగు రోజులు ఆగి రమ్మని చెప్పడంలో తప్పు లేదు. పిండుకున్న పువ్వరసమో, తేనో, తల్లిపాలో కంట్లో వెయ్యమని సలహాలిచ్చేవాళ్లకి మాత్రం నవ్వుతూ నమస్కారం పెట్టండి.

ఇంతవరకూ మనం నర్సులం. మరి రోగి మనమే అయితే? అసలు చిక్కు అక్కడే ఉంది. అత్తగారి ఆపరేషనుకి ఇన్ని జాగ్రత్తలు తీసుకునే ఇల్లాలు తన కంటికి పొర కమ్మితే “ఆవకాయ పెట్టాక చూద్దాం, అమ్మాయి పురుడొచ్చి వెళ్లాక చూద్దాం, సంక్రాంతి వెళ్లాక చూద్దాం” అంటుంది. బియ్యంలో రాళ్లు కనిపించవు. సూదిలో దారం మనవరాలు ఎక్కించి పెట్టాలి. అయినా “నాకేం, బాగానే ఉన్నాను” అంటుంది. శుక్లం మరీ ముదిరిపోతే గట్టిపడి ఆపరేషను కష్టమవుతుంది. ఒక్కొక్కప్పుడు అది ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పితో చూపే పోవచ్చు. అంతదాకా తెచ్చుకోవడం త్యాగం కాదండీ.

ఒకవేళ చేయించుకున్నా, సాయంత్రం ఇంటికొచ్చిన ఇల్లాలు రాత్రికి పోపు వేస్తూ కనిపిస్తుంది. “పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేసింది కదా” అన్న మాటకి ఇంట్లోవాళ్లు చెప్పుకునే అర్థం అది. పొయ్యి సెగ, పొగ, పోపు చిటపటలు, బిందె మొయ్యడం, వంగి తుడవడం, ఇవేవీ కొత్త కంటికి పనికిరావు. అంచేత ఆపరేషను తేదీ ఖాయమైన రోజునే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పనులు పంచండి. కనీసం వారం రోజులు వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎవరు పడతారు, చుక్కల మందు ఎవరు వేస్తారు, పేరుపేరునా చెప్పండి. “ఎవరో ఒకరు చేస్తారులే” అంటే చివరికి చేసేది మీరే. మగవారికి అన్నం వార్చడం రాదనుకోకండి. కుక్కరు పెట్టడం, చారు కాచడం ముందువారమే నేర్పండి. పచ్చళ్లు, పొడులు చేసి ఉంచుకోండి. పనిమనిషికి ముందే చెప్పుకోండి. మగవారి ఆపరేషనుకి ఇంటిల్లిపాదీ కాలుమీద నిలబడుతుంది. ఇల్లాలి ఆపరేషనుకి కూడా అలాగే నిలబడాలని అడగడం మన హక్కు.

ఆస్పత్రివాళ్లు కత్తి పట్టే పని ఇరవై నిమిషాల్లో చక్కగా చేసిపెడతారు. మిగిలిన నెల రోజుల పని ఇంటిది. ఈ మాట ముందే తెలుసుకుని, దాపరికం లేకుండా చెప్పి, చెప్పింది చెప్పినట్టు పాటించే ఇంట్లో ఈ పగటి ఆపరేషను నిజంగానే తేలికైన ఆపరేషను. మీ ఇంట్లో ఎవరికైనా కన్ను మసకేసిందంటే, అది మీకే అయినా సరే, ఈ వారమే డాక్టరుగారికి చూపించండి.